ఫిర్యాదుల్లేని ఊరు

ఆగస్టు 4, సోమవారం

ఈ డైరీ చేపల మేత అమ్మేవాళ్లు ఇచ్చారు. ప్రతి పేజీలోనూ చెరువు లోతు, నీటి రంగు, ఆక్సిజన్ రాసుకోవడానికి గళ్లున్నాయి. నాకు చెరువు లేదు, బీపీ ఉంది. మనసులో ఉన్నది రోజూ కాగితం మీద పెట్టమనీ, పెట్టింది ఎవరికీ చూపించొద్దనీ డాక్టరుగారు చెప్పారు. కాబట్టి ఇందులో అంతా నిజమే రాస్తాను.

ఈ రోజు నిజం ఏమిటంటే, దేశం మొత్తం మీద గొప్ప ఊళ్లు పన్నెండు ఎంచితే అందులో మా కొంగలదిబ్బ ఒకటి. మా ఊరంటే నేను పుట్టింది కాదు, పనిచేసేది. రోజూ వట్లూరు నుంచి బండి మీద బయల్దేరి, కొల్లేటికోట దాటి ఇంకా లోపలికి వెళ్లి, జనం వేళ్లను మిషన్‌కు ఆనించి, సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం నాది. పేరు మాత్రం డిజిటల్ అసిస్టెంట్.

జిల్లా నుంచి హేమంత్‌కుమార్ గారు ఫోన్ చేశారు. మా పై అధికారి. వయసులో నాకంటే ఆరేళ్లు చిన్న.

"నిరంజన్ గారూ, పది నెలల్లో మీ ఊరి నుంచి ఒక్క ఫిర్యాదు లేదండీ. సున్నా! ఎలా చేశారండీ?"

"సేవాభావం అండి" అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర పద్మప్రియకు చెప్పాను. మా ఆవిడ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతుంది. "ఎలా చేశారండీ?" అని తనూ అదే అడిగింది. కానీ ఆ అడగడం వేరు.

ఆగస్టు 5, మంగళవారం

వివరాలు వచ్చాయి. కొత్త ప్రధానిగారు కుర్చీలో కూర్చుని ఇరవై రోజులైంది. వంద రోజుల్లో దేశానికంతా ఒక టెక్నాలజీ విధానం తెస్తానని ఆవిడ ఎన్నికల్లో మాటిచ్చారు. ఇప్పుడు ఢిల్లీలో ఒకరు కృత్రిమ మేధకు పగ్గాలు వెయ్యాలంటారట, ఇంకొకరు వేస్తే దేశం వెనకబడిపోతుందంటారట. జనం ముఖాలూ వేలిముద్రలూ ఎవరి దగ్గర దాచాలో ఎంతకీ తేలడం లేదట. తేలక, ఆవిడ పన్నెండు ఊళ్లతో తెర మీద నేరుగా మాట్లాడతానన్నారు. మాతో పంతొమ్మిదో తారీఖున. ముందే పంపిన ప్రశ్న ఒక్కటే: "యంత్రం కాదన్నప్పుడు మనిషి ఏం చేస్తున్నాడు?"

నాకిది చాలా తేలిక ప్రశ్న. మా ఊళ్లో యంత్రం కాదనదు.

ప్రధానిగారికి పనికొస్తుందని నా తరఫున ఒక విధానం కూడా రాయడం మొదలుపెట్టాను. డిజిటల్ అసిస్టెంట్లను వాళ్ల ఇంటికి పది కిలోమీటర్ల లోపే వెయ్యాలని మొదటి అంశం. రెండోది ఇంకా తట్టలేదు.

"బియ్యం రావడం లేదన్న ఆ అచ్చాయమ్మగారి సంగతేమైంది?" అంది పద్మప్రియ, నా భుజం మీదుగా చూసి.

"సర్దుబాటు చేశాను."

"అంటే?"

సర్దుబాటు అంటే సర్దుబాటే. చదువుకున్న వాళ్లతో ఇదే చిక్కు.

ఆగస్టు 6, బుధవారం

బీపీ 150/96. వర్షం.

ఆగస్టు 7, గురువారం

అచ్చాయమ్మగారు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. రొయ్యల షెడ్డులో ముప్ఫై ఏళ్లు ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వొలిచి వొలిచి వేళ్ల మీద గీతలు పోయాయి. నున్నగా ఉంటాయి. వేలు పెడితే మిషన్ కాదంటుంది. కళ్లు చూపిద్దామంటే శుక్లాల ఆపరేషన్ అయింది, కళ్లూ కాదంటుంది. ఇక ముఖం.

"మామ్మగారూ, ఇటు చూసి ఒక్కసారి కళ్లు ఆర్పండి."

"ఆర్పుతూనే ఉన్నాను బాబూ, పుట్టినప్పట్నించీ."

ముఖమూ కాదంది. రేషన్ కార్డు మీద ఫొటోలో ఆవిడకు పళ్లున్నాయి మరి.

నా మిషన్ ఔనంటేనే రేషన్ డిపోలో బియ్యమిస్తారు. ఆవిడకు మే నెల నుంచి బియ్యం లేవు. ఇరవయ్యో తారీఖులోగా ఔననకపోతే కార్డు పూర్తిగా కొట్టేస్తారు. మిషన్ కాదంటే నేనేం చెయ్యను? వేలు జుట్టుకు రుద్దించాను, నిమ్మకాయతో తోమించాను, తువ్వాలుతో తుడిపించాను. మనిషి చెయ్యగలిగిందంతా చేశాను.

"మళ్లీ చూద్దాం మామ్మగారూ" అన్నాను.

"అలాగే బాబుగారూ. నా వల్ల మీకు శ్రమ" అని వెళ్లిపోయింది.

ఇలాంటి జనం ఉన్నచోట ఫిర్యాదులు ఎలా వస్తాయి? ఏవండీ బాగున్నారా అంటే బాగున్నామండీ అనే ఊరు. చెరువు తెగిపోయినా ముందు కాఫీ ఇచ్చి తర్వాత చెబుతారు.

ఆగస్టు 8, శుక్రవారం

హేమంత్‌కుమార్ గారు స్వయంగా వచ్చారు. తెర ముందు కూర్చోబెట్టడానికి మనుషులు కావాలి. ప్రెసిడెంటుగారు ఇస్త్రీ చొక్కాతో, చెరువుల రైతులు బంగారు ఉంగరాలతో వచ్చి నిలబడ్డారు. ఆయనకు ఎవరూ నచ్చలేదు. నడుం మీద బుట్టతో షెడ్డు నుంచి ఇంటికి పోతున్న అచ్చాయమ్మగారు కనిపించింది.

"అదిగో! ఆవిడండీ! కొల్లేరంటే ఆవిడే. మధ్యలో ఆవిడ కూర్చోవాలి."

"ఆవిడకు చెవుడండి" అన్నాను.

"ఎవరికి బాబూ?" అని దారి మీద నుంచి అడిగింది అచ్చాయమ్మగారు.

బీపీ చూసుకోలేదు. చూసుకోకపోవడమే మంచిది.

ఆగస్టు 9, శనివారం

ఏలూరు నుంచి జిలానీ వచ్చి తెర బిగించాడు. పవర్‌పేటలో ఫోన్లు బాగుచేసే షాపు అతనిది. నాకు చిన్నప్పటి స్నేహితుడు. ఉన్నమాట మొహాన అనేస్తాడు, గౌరవంగానే అంటాడు. "ప్రధానిగారికి చెప్పండి నిరంజన్ గారూ, మేధ తర్వాత చూద్దురుగానీ, ముందు ఇక్కడో టవర్ వెయ్యమనండి" అన్నాడు.

తర్వాత తెర ముందు కూర్చునేవాళ్ల పేర్లు నమోదు చెయ్యాలి. అచ్చాయమ్మగారి కార్డు నంబరు కొట్టాడు. తెర మీద వచ్చింది అందరికీ వినపడేలా చదివాడు.

"ఈ వ్యక్తి గ్రామంలో లేరు. వలస వెళ్లారు."

అచ్చాయమ్మగారు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

"మామ్మగారు ఇక్కడే ఉన్నారు కదండీ?" అన్నాడు జిలానీ.

"నెట్ సరిగ్గా లేనట్టుంది" అన్నాను.

"నెట్టు బాగానే ఉందండి. ఈ మధ్య ఇంత బాగా ఎప్పుడూ లేదు."

సరే, ఇది ఎవరూ చూడని డైరీ. రాస్తాను. మిషన్ మూడుసార్లు కాదంటే పక్కనే ఇంకో దారి ఉంది. ఉద్యోగి తన వేలు పెట్టి "ఈ మనిషి నాకు తెలుసు, బాధ్యత నాది" అని ఒప్పుకుంటే బియ్యం ఇవ్వొచ్చు. కానీ అలా ఒప్పుకున్న ప్రతిసారీ పైనుంచి సంజాయిషీ అడుగుతారు. ఊరి పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. మరో గడి కూడా ఉంది, "ఊళ్లో లేరు" అని. అది నొక్కితే ఎవరూ ఏమీ అడగరు. మే నెలలో అది నొక్కాను. ఒక్క నెలకే అనుకున్నాను.

నొక్కింది నేను.

ఆగస్టు 10, ఆదివారం

పద్మప్రియకు చెప్పాను. మధ్యాహ్నం బస్సుకు తాడేపల్లిగూడెం వెళ్లింది. వాళ్లమ్మను చూడాలనిపించిందట. వాళ్లమ్మ మొన్న బుధవారమే మా ఇంటి నుంచి వెళ్లింది.

అయినా చూడాలనిపిస్తుంది. తల్లి కదా.

ఆగస్టు 11, సోమవారం

వంకాయ కూర మాడింది.

రికార్డు దిద్దేద్దామని ఆఫీసుకు వెళ్లగానే కూర్చున్నాను. దిద్దనివ్వలేదు. ప్రధాని కార్యక్రమం అయ్యేదాకా ఆ పన్నెండు ఊళ్ల రికార్డులు ఎవరూ ముట్టుకోకుండా తాళం వేశారు. నిజాయితీ కోసమట. ఇప్పుడు నిజం రాయాలన్నా కుదరదు.

హేమంత్‌కుమార్ గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను.

"పంతొమ్మిది వెళ్లాక చూద్దామండీ."

"ఇరవైతో కార్డు పోతుందండి."

"నిరంజన్ గారూ, ఏలూరుకు మీ బదిలీ కాగితం నా టేబుల్ మీదే ఉందండీ. ఇప్పుడీ గొడవ ఎందుకు చెప్పండి?"

ఏలూరు ఆఫీసు మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. ఫ్యాన్ కూడా ఉంటుంది.

మంచి ఉపాయం తట్టింది. నేను చెబితే నా ఉద్యోగం మీదికొస్తుంది. అచ్చాయమ్మగారే తన నోటితో ప్రధానిగారికి చెప్పుకుంటే? ప్రజల గొంతు! విధానంలో రెండో అంశంగా కూడా పెట్టొచ్చు.

ఆగస్టు 12, మంగళవారం

ఆవిడ ఇంటికి వెళ్లాను. గట్టు మీద రేకుల ఇల్లు, ముందు ఆరబెట్టిన వల. విషయం చెప్పాను. మీరు ఊళ్లో లేరని పడింది, ప్రధానిగారు అడిగినప్పుడు బియ్యం రావడం లేదని చెప్పండి అన్నాను.

"మిషన్ అలా రాసిందా బాబుగారూ?"

"ఔనండి" అన్నాను.

"అయితే మిషన్‌కే చెప్పండి. ఆవిడకెందుకు? పాపం, కొత్తగా వచ్చింది. మొదటిసారి మనల్ని పలకరిస్తుంటే గుమ్మంలోనే మన ఏడుపు వినిపిస్తామా?"

"ఆవిడ వినడానికేనండి వచ్చేది."

"ముందు మీరు భోంచెయ్యండి" అని లేచింది.

వద్దంటే వినలేదు. కొర్రమీను పులుసు. వేడివేడి అన్నం. మీరూ కూర్చోండి అంటే, "నేను తినేశాను బాబూ" అంది. మారు వడ్డించుకున్నాను. అన్నం బాగానే ఉంది కాబట్టి ఆవిడకు పెద్ద ఇబ్బందేమీ లేనట్టుంది. మనసు కొంత తేలికపడింది.

ఆగస్టు 13, బుధవారం

పక్కింటి మార్తమ్మ ఆఫీసుకు వచ్చింది, ఏదో సర్టిఫికెట్ కోసం. "నిన్న మీరు భోజనానికి వచ్చారటగా అండీ. అచ్చాయమ్మ మా ఇంటికి పరుగెత్తుకొచ్చి రెండు గ్లాసుల బియ్యం పట్టుకెళ్లింది. ఎప్పుడూ అడగదండీ ఆవిడ. మధ్యాహ్నం షెడ్డులో పెట్టిన ముద్దే రాత్రికీ దాచుకుంటుంది" అంది. ఊరికే అంది. నా మీద కోపంతో కాదు.

ఆవిడ తినలేదు.

నేను మారు వడ్డించుకున్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా ఎగరేశాం. చాక్లెట్లు పంచారు. అచ్చాయమ్మగారు తనకిచ్చింది తెచ్చి నా చేతిలో పెట్టింది, పళ్లు లేవు కదా అని.

సిగ్గేసింది. ఇంకేం రాయను.

ఆగస్టు 18, సోమవారం

రిహార్సల్. హేమంత్‌కుమార్ గారు ప్రధానిగారి కుర్చీలో కూర్చున్నట్టు తెర అవతల కూర్చుని అడిగారు. "అమ్మా, ఎలా ఉన్నారు?" "అంతా బాగుందండీ." "బియ్యం అందుతున్నాయా?" "బాగున్నాయండీ." ఆయన చప్పట్లు కొట్టారు.

బయటకొచ్చాక నేను ఆవిడ వెంట పడ్డాను. "మామ్మగారూ, మీకు దణ్ణం పెడతాను. రేపు ఒక్కటి, ఒక్కటే మాట చెప్పండి. ఎల్లుండి కార్డు పోతుంది."

ఆవిడ ఆగి నా వైపు చూసింది. "బాబుగారూ, నేను చెబితే అడిగేది మిమ్మల్నే కదా. మీ ఉద్యోగానికి మాటొస్తుంది. మిషన్‌కు ఏమీ రాదు. ఎందుకులెండి" అంది.

నొక్కింది నేనేనని ఆవిడకు మొదట్నించీ తెలుసు.

పద్మప్రియకు ఫోన్ చేశాను. "ఆవిడ చెప్పనంటోంది" అన్నాను. "మీరున్నారుగా" అంది. పెట్టేసింది.

ఆగస్టు 19, మంగళవారం

వరసగా రాస్తాను.

పదకొండింటికి తెర మీద ప్రధానిగారు వచ్చారు. టీవీలో కంటే అలిసిపోయి ఉన్నారు. పక్కన తెలుగులో చెప్పేందుకు ఒకాయన. అచ్చాయమ్మగారు మధ్య కుర్చీలో, కొత్త చీరతో, కాళ్లు నేలకు అందకుండా కూర్చుంది. నేను వెనకాల, మైకు పట్టుకుని.

ప్రధానిగారు ముందు ఒక మాటన్నారు. "నేను ఈ కుర్చీలోకి వచ్చి నెల దాటింది. ఎవరిని అడిగినా అంతా బాగుందంటున్నారు. అంతా బాగుంటే నన్నెందుకు ఎన్నుకున్నారో నాకు అర్థం కావడం లేదు." మా వాళ్లు మర్యాదగా నవ్వారు. అర్థమై కాదు, పెద్దావిడ నవ్వుతోంది కదా అని.

తర్వాత అచ్చాయమ్మగారిని అడిగారు. మిషన్‌తో ఇబ్బందేమైనా ఉందా?

"ఏం లేదండీ తల్లీ. అంతా బాగుందండీ. మా నిరంజన్‌బాబుగారు ఎంతో ఓర్పుగా చూస్తారండీ."

ఈ నెల బియ్యం ఎలా ఉన్నాయి?

"తెల్లగా ఉన్నాయండీ. మల్లెపూలే."

ప్రధానిగారు తల ఊపి ఏదో రాసుకున్నారు. పక్కన హేమంత్‌కుమార్ గారు పొంగిపోతున్నారు. అచ్చాయమ్మగారు ముందుకు వంగి, "మీరు భోంచేశారా అమ్మా? మొహం వాడిపోయింది" అంది. తెలుగాయన చెప్పేలోపే నా చేతిలో మైకు నా నోటి దగ్గరకు వచ్చేసింది. నేను తెచ్చానో అదే వచ్చిందో చెప్పలేను.

"అబద్ధమండి" అన్నాను. "ఈవిడకు మే నెల నుంచి బియ్యం లేవండి. ఈవిడ వేళ్లను మిషన్ కాదంది. ఈవిడ ఊళ్లో లేదని నేను రాశానండి. రేపటితో కార్డు పోతుంది. మీరడిగారు కదండీ, మిషన్ కాదన్నప్పుడు మనిషి ఏం చేస్తున్నాడని. ఇదీ చేస్తున్నాడండి."

తెలుగాయన అదంతా ఆవిడకు చెప్పాడు, ఒక్క ముక్క వదలకుండా. ప్రధానిగారు కళ్లద్దాలు తీశారు.

"మీ వేలు పెట్టి ఇచ్చే వీలుంది కదా. ఎందుకు ఇవ్వలేదు?"

"ఇస్తే సంజాయిషీ అడుగుతారండి. ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అడగరండి."

ఆవిడ అది రాసుకున్నారు. ఇందాకటిలా కాదు. రాసి, కింద గీత కూడా గీశారు. తర్వాత అచ్చాయమ్మగారికి చేతులు జోడించి, క్షమించమని అన్నారు. రికార్డుల తాళం సాయంత్రంలోగా తీయమని పక్కవాళ్లకు చెప్పారు. తెర ఆరిపోయింది.

నాలుగింటికి తాళం తీశారు. బాధ్యత నాది అని రాసి నా వేలు పెట్టాను. చెమటకు కాదంది. మళ్లీ కాదంది. మూడోసారి ఔనంది. అచ్చాయమ్మగారి పేరు ఊళ్లోకి వచ్చింది.

చెబుదామని పరుగెత్తాను. ఆవిడ గట్టు మీద నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆ మెత్తటి మనిషి కళ్లెర్రజేసింది.

"ఏరా! నా ఇంట్లో బియ్యం లేవని దేశమంతటికీ చెబుతావా? ఇంటికొచ్చిన ఆడమనిషి ముందు నా పరువు తీశావు! ఫో ఇక్కణ్ణించి."

అండీ లేదు, బాబుగారు లేదు. నాలుగు నెలలు పస్తు పెట్టినందుకు ఒక్క మాట అనని మనిషి.

ఆగస్టు 20, బుధవారం

డిపోలో ఆవిడ బియ్యం తీసుకుందట. నేను వెళ్లలేదు. జిలానీ ఫోన్ చేసి, "మంచి పని చేశారండి, ఆలస్యంగా" అన్నాడు.

ఆగస్టు 22, శుక్రవారం

మెమో వచ్చింది. రెండు పేజీలు. బదిలీ కాగితం గురించి హేమంత్‌కుమార్ గారిని అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయనకూ ఒక మెమో వచ్చిందట.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఇంగువ వాసన. పద్మప్రియ వచ్చేసింది. "అమ్మను చూసేశావా?" అన్నాను. "చూసేశాను" అంది. మెమో చదివి మడతపెట్టి, సంజాయిషీ తనే రాసిస్తానంది. వద్దన్నాను. ఈసారి నేనే రాస్తాను.

ఆగస్టు 25, సోమవారం

ప్రధానిగారి విధానంలో మొదటి ముక్క ముందే బయటికొచ్చింది. మిషన్ కాదన్న మనిషికి బాధ్యత తీసుకుని ఇచ్చినవాణ్ణి ఇక సంజాయిషీ అడగరు. ఇవ్వనివాణ్ణి అడుగుతారు. దాంతోపాటు ప్రతి ఊళ్లోనూ ఫిర్యాదులు రాసుకోవాలని హుకుం. ఆ రోజు నుంచే.

మా ఊళ్లో ఎవరూ రారనుకున్నాను. పొద్దున్నే వెళ్లేసరికి ఆఫీసు ముందు వరండా నిండా జనం. అందరూ ఒకరికొకరు "మీరు ముందు, కాదండీ మీరు ముందు" అనుకుంటూ ఎవరూ ముందుకు రావడం లేదు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. పెళ్లికొచ్చినట్టు వచ్చారు.

అచ్చాయమ్మగారు వాళ్లను తోసుకుంటూ వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. వారం తర్వాత నాతో మాట్లాడటం అదే.

"రాయి" అంది.

"పేరు, అచ్చాయమ్మగారు. ఫిర్యాదు ఎవరి మీదండి?"

"నీ మీదే."

కీబోర్డు మీద చేతులు పెట్టుకుని చెప్పండి అన్నాను.

ఆవిడ కొంగు సర్దుకుని, వాక్యం వాక్యంగా చెప్పింది. "నేను ఊళ్లోనే ఉన్నాను. ఎక్కడికీ పోలేదు. పోయేదాన్ని కూడా కాదు. ఉన్నదాన్ని లేనని రాశాడు. నాలుగు నెలలు రాశాడు. నేను రోజూ అతని ఆఫీసు ముందు నుంచే షెడ్డుకు వెళ్లాను." ఒక్కొక్క మాటా కొట్టాను. ఎక్కడా తగ్గించలేదు. రెండుసార్లు కళ్లు మసకబారి తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టాను.

"చదువు" అంది.

చదివాను. వరండా అంతా వింది. ఆవిడ చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"రాశాడు ఏమిటి? ఉద్యోగం చేసేవాడివి. నిరంజన్ గారు అని పెట్టు. రాశారు అని పెట్టు."

పెట్టాను. మళ్లీ చదివాను.

"ఆ, ఇప్పుడు పంపండి బాబుగారూ" అంది.

పంపాను.